మూలుగు, ఓర్పు, నిరీక్షణ

శ్రమల్లో ఉన్న క్రైస్తవుడు దేన్ని నమ్ముకుని నిలబడాలన్న ప్రశ్నకు కొత్త నిబంధనలో అన్నిటికన్నా నిండైన జవాబు రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. సా.శ. 57 ప్రాంతంలో పౌలు కొరింథులో ఉండగా ఈ ఉత్తరం రాశాడు. అది అందుకున్న సంఘం కుదురుగా బతుకుతున్నదేమీ కాదు. అంతకు ఏడెనిమిదేళ్ల ముందు క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచి పొమ్మన్నాడు. గుడారాలు కుట్టుకుని బతికే అకుల, ప్రిస్కిల్ల దంపతులు అప్పుడే పొట్ట చేతపట్టుకుని కొరింథు చేరారు. ఉత్తరం నాటికి వాళ్లు మళ్లీ రోము వెళ్లి తమ ఇంట్లోనే సంఘాన్ని కూడగట్టుకున్నారు. ఆ తర్వాత ఏడేళ్లకు, 64లో, రోము తగలబడింది. నీరో ఆ నిందను క్రైస్తవుల మీద వేసి వాళ్లను చిత్రహింసలు పెట్టి చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పౌలు శ్రమల గురించి చెప్పింది ఇలాంటివాళ్లకు.

ఆ అధ్యాయం నడుమ పౌలు మూడు మూలుగులు వినిపిస్తాడు. సృష్టి అంతా పురిటినొప్పులు పడుతూ మూలుగుతోంది. విశ్వాసులు తమ లోలోపల మూలుగుతున్నారు. ఏమని ప్రార్థించాలో కూడా తోచని స్థితిలో వాళ్లుంటే, పరిశుద్ధాత్మ మాటలకందని మూలుగులతో వాళ్ల పక్షాన వేడుకుంటున్నాడు. నిరీక్షణ ఉన్నవాడు మూలగకూడదని పౌలు ఎక్కడా అనలేదు. పైగా ఆత్మను ప్రథమ ఫలంగా పొందినవాళ్లే మూలుగుతారన్నది అతని వాదన. కోతలో తొలి పనను దేవుడికి అర్పించడం యూదుల ఆచారం. తొలి పన చేతికొచ్చినవాడికి మిగతా చేను కూడా పండుతుందన్న భరోసా కలుగుతుంది, అది ఇంకా ఇంటికి చేరలేదన్న సంగతీ తెలుస్తుంది. రాబోయేదాన్ని కాస్త రుచి చూసినవాడికే ఇప్పుడున్నది చాలదనిపిస్తుంది. ఏ ఆశా లేనివాడు ఉన్నదానికి అలవాటు పడిపోతాడు. ఆశ ఉన్నవాడికి నొప్పి మొద్దుబారదు. క్రైస్తవ నిరీక్షణ గురించి తర్వాతి రెండువేల ఏళ్లలో వచ్చిన రచనలన్నీ ఏదో ఒక రూపంలో ఈ మెలికతోనే కుస్తీ పట్టాయి.

అధ్యాయం చివర పౌలు గొంతు పెరుగుతుంది. శ్రమ, హింస, కరువు, వస్త్రహీనత, ఖడ్గం, వీటిలో ఏదీ క్రీస్తు ప్రేమ నుంచి విశ్వాసిని విడదీయలేదంటాడు. చావు ఇళ్లలో ఈ భాగం చదవని సంఘం అరుదు. అయితే ఆ ధైర్యవచనాల మధ్య పౌలు ఉదాహరించింది 44వ కీర్తనను. అది విజయగీతం కాదు, నిష్ఠూరం. యుద్ధంలో ఓడి చెల్లాచెదురైన జనం తాము నిబంధన మీరలేదని, దేవుణ్ణి మరిచిపోలేదని, అయినా కసాయి ముందు గొర్రెల్లా తమను అప్పగించేశాడని అందులో మొరపెట్టుకుంటారు. చివర దేవుణ్ణి నిద్రలేవమని కేకేస్తారు. ఈ కీర్తన సంగతి ఎత్తకుండా ఎనిమిదో అధ్యాయాన్ని బోధించే ప్రసంగాలు అందులో సగమే చెబుతున్నాయి.

పౌలు ఆ నిష్ఠూరాన్ని కొత్తగా కనిపెట్టలేదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు విలాపాలే. వాటిలో చాలావరకు ఏడుపుతో మొదలై ఏదో ఒక మలుపులో స్తుతికి చేరతాయి. 88వ కీర్తనలో ఆ మలుపు కూడా ఉండదు, చీకటిలోనే ముగుస్తుంది. సా.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేశాక పుట్టిన విలాపవాక్యముల గ్రంథంలో అయిదు పద్యభాగాలున్నాయి. ఆకలితో వీధుల్లో సొమ్మసిల్లే పిల్లల్ని, కన్నబిడ్డల్నే వండుకున్న తల్లుల్ని అది దాచిపెట్టదు. దేవుని దయ ప్రతి ఉదయం కొత్తదవుతుందన్న ప్రసిద్ధమైన మాట మూడో భాగం నడుమ ఉంది. గ్రంథం అక్కడ ఆగిపోకుండా మళ్లీ శోకంలోకి దిగి, దేవుడు తమను పూర్తిగా విసర్జించాడేమోనన్న అనుమానంతో ముగుస్తుంది. గోల్కొండ చెరలో రామదాసు నగల ఖరీదు లెక్కగట్టి రాముణ్ణి నిలదీయడం తెలుగువాళ్లకు తెలిసిందే. దాన్ని భక్తి లోపమని ఎవరూ అనలేదు. హెబ్రీ విలాపాలూ ఆ చనువున్న చోటే పుట్టాయి.

యోబు కథ దీనికి మంచి ఉదాహరణ, చాలా తరచుగా అపార్థమైన ఉదాహరణ కూడా. యోబు పేరు చెప్పగానే నోరు మెదపని సహనం గుర్తుకొస్తుంది. నిజానికి ఆ సహనం మొదటి రెండు అధ్యాయాల్లోనే ఉంది. మూడో అధ్యాయంలో యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. అక్కణ్ణుంచి ముప్ఫై అధ్యాయాలకు పైగా సాగే వాదనలో దేవుణ్ణి న్యాయస్థానానికి పిలుస్తాడు. ఓదార్చడానికొచ్చిన మిత్రులు మొదట ఏడు రోజులు నేలమీద అతనితో పాటు మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక ప్రతివాడూ దేవుడి తరఫు వకాల్తా పుచ్చుకున్నాడు: పాపం లేనిదే శ్రమ రాదు, ఒప్పుకుంటే తీరిపోతుంది. కథ చివర దేవుడు తప్పుపట్టింది ఈ వకీళ్లను. తన గురించి యుక్తంగా మాట్లాడింది యోబేనని చెప్పి, వాళ్లకోసం ప్రార్థించే పని కూడా అతనికే అప్పగించాడు.

పాపానికీ శ్రమకూ ఖాతా కలిపే ఈ అలవాటును యేసు కూడా ఒప్పుకోలేదు. పుట్టుగుడ్డిని చూసి, వీడు పాపం చేశాడా వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు ఇద్దరూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన ప్రమాదం ప్రస్తావనకు వచ్చినప్పుడు, చచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా పాపులు కారన్నాడు. అంతమాత్రాన, మరి ఎందుకు జరిగిందన్నదానికి సిద్ధాంతమేదీ ఇవ్వలేదు. లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. గెత్సేమనే తోటలో తన ముందున్న శ్రమపాత్రను తప్పించమని అడిగాడు. సిలువ మీద, దేవుడు తననెందుకు చెయ్యి విడిచాడని 22వ కీర్తన మాటల్లో కేకేశాడు. మార్కు సువార్తలో సిలువ మీది యేసు పలికిన మాట అదొక్కటే. శ్రమలో ఉన్నవాడు ఏడవడం అవిశ్వాసమైతే ఈ మూడు ఘట్టాలకూ సువార్తల్లో చోటుండేది కాదు.

క్రైస్తవ నిరీక్షణకు ఆధారం ఆ సిలువ తర్వాతి సంగతి, పునరుత్థానం. నిరీక్షించేది దేన్నో ఇక్కడ స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే క్రైస్తవుల్లోనే చాలామంది దాన్ని చచ్చాక ఆత్మ పరలోకానికి ఎగిరిపోవడంగా కుదించుకున్నారు. పౌలు మొదటి కొరింథీ పత్రిక పదిహేనో అధ్యాయంలో చెప్పింది దేహం లేవడాన్ని గురించి. రోమా పత్రికలో దేహ విమోచనంతో పాటు సృష్టి అంతా నాశనపు దాస్యం నుంచి విడుదల పొందడాన్ని గురించి చెప్పాడు. ప్రకటన గ్రంథం చివరి దర్శనంలో మనుషులు పైకి పోరు, నూతన యెరూషలేము కిందికి దిగివస్తుంది. ఈ భూమీ ఈ దేహమూ పారేసేవి కావు, బాగుచేసేవి. ఇప్పటి శ్రమ గురించి పట్టించుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దేవుడు తిరిగి లేపబోయే దేహం ఆకలితో ఉంటే, దెబ్బలు తింటుంటే, అది తనకు పట్టని సంగతని సంఘం అనలేదు.

ఓర్పు ఈ నిరీక్షణకు జోడు. దాని గురించి సూటిగా మాట్లాడింది యాకోబు పత్రిక అయిదో అధ్యాయం. పాలస్తీనాలో విత్తనాల అదునుకు అక్టోబరు, నవంబరు నెలల్లో తొలివాన, గింజ పాలుపోసుకునే వేళకు మార్చి, ఏప్రిల్‌లో చివరి వాన పడాలి. రైతు ఈ రెండింటికోసం కనిపెట్టుకుని ఉన్నట్టే ప్రభువు రాకడ దాకా ఓర్చుకోమని యాకోబు రాశాడు. ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఈ పోలికే. దానికి సరిగ్గా పైన ఉన్న వాక్యాలు అంత తరచుగా వినిపించవు. అక్కడ యాకోబు భూస్వాముల మీద విరుచుకుపడుతున్నాడు. చేలు కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు దేవుడి చెవిన పడ్డాయని హెచ్చరిస్తున్నాడు. ఓర్చుకోమన్న మాట ఆ వెంటనే వస్తుంది, అదీ కూలి పోయినవాళ్లకు. అన్యాయాన్ని అన్యాయమని పేరుపెట్టి పిలిచాకే యాకోబు ఓర్పు మాట ఎత్తాడు. కూలి ఎగ్గొట్టినవాడు తిరిగి కూలీకి ఓర్పు బోధిస్తే అది ఈ పత్రికలోని ఓర్పు కాదు.

పౌలు నడవడిక కూడా ఇదే చూపిస్తుంది. ఫిలిప్పీలో అతన్నీ సీలనూ బెత్తాలతో కొట్టి చెరలో వేశారు. మర్నాడు అధికారులు గుట్టుగా వదిలిపెట్టబోతే, విచారణ లేకుండా రోమా పౌరుల్ని బహిరంగంగా కొట్టించారు గనుక వాళ్లే వచ్చి బయటికి తీసుకువెళ్లాలని పౌలు పట్టుబట్టాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతున్నప్పుడు తన పౌరసత్వం చెప్పి ఆపించుకున్నాడు. కైసరయలో న్యాయం జరగదని తోచగానే చక్రవర్తికి అప్పీలు చేసుకున్నాడు. తప్పించుకోగల దెబ్బను తప్పించుకోవడం, చట్టం ఇచ్చిన హక్కు వాడుకోవడం ఓర్పుకు విరుద్ధమని అతనికి అనిపించలేదు. అలాగని అతను దెబ్బలు తినని మనిషి కాడు. యూదుల చేతిలో అయిదుసార్లు ముప్ఫైతొమ్మిదేసి దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ బద్దలవడం, ఈ జాబితా రెండో కొరింథీ పత్రికలో అతనే రాసుకున్నాడు. రాబోయే మహిమ ముందు ఇప్పటి శ్రమలు ఎన్నదగినవి కావని రోమీయులకు రాసింది ఈ ఒళ్లే. తన వీపు మీది వాతల గురించి ఒకడు అనుకోగల మాటను, వాతలు లేనివాడు పక్కవాడి వీపు చూస్తూ అంటే అర్థం మారిపోతుంది.

మొదటి శతాబ్దం చివర, దొమిషియన్ చక్రవర్తి కాలంలో రాసినదని ఎక్కువమంది భావించే ప్రకటన గ్రంథం మరో అడుగు ముందుకు వేసింది. అందులో బలిపీఠం కింద హతసాక్షుల ఆత్మలుంటాయి. పరలోకానికి చేరినా వాళ్లకు ఊరట లేదు. ఇంకెన్నాళ్లు తీర్పు తీర్చకుండా ఉంటావని దేవుణ్ణి అడుగుతారు. వాళ్లకు తెల్లని వస్త్రాలిచ్చి ఇంకొంతకాలం ఆగమంటారు. ఆ ప్రశ్న అడిగినందుకు మాత్రం ఎవరూ వాళ్లను మందలించలేదు.

ఆదిమ సంఘంలో ఓర్పు మీద తొలి ప్రత్యేక గ్రంథం లాటిన్‌లో సా.శ. 200 ప్రాంతంలో కార్తేజి నుంచి వచ్చింది. రాసిన టెర్టూలియన్ తనకు ఓర్పు లేదని మొదట్లోనే ఒప్పుకుని, రోగి ఆరోగ్యం గురించి మాట్లాడినట్టు తాను ఓర్పు గురించి రాస్తున్నానన్నాడు. అతని మిగతా రచనల్లోని కోపం చూసినవాళ్లకు అది వట్టి వినయం కాదని తెలుస్తుంది. అర్ధ శతాబ్దం గడిచేసరికి అదే ఊళ్లో ఆ బోధకు పరీక్ష వచ్చింది. 250ల్లో మహమ్మారి రోమా సామ్రాజ్యమంతా పాకింది. అన్యుల్ని చంపే జబ్బే క్రైస్తవుల్నీ చంపుతోందేమిటని కార్తేజి విశ్వాసులు కొందరు గొణుక్కున్నారు. బిషప్ సిప్రియన్ వాళ్లకు రాసిన జవాబులో ఈ లోకంలో ఉన్నంతకాలం దేహం అందరికీ ఒకటేనని, ఓడ బండకు కొట్టుకుంటే అందులో ఉన్నవాళ్లందరూ మునుగుతారని చెప్పాడు. అంతటితో సరిపెట్టుకోలేదు. సంఘాన్ని కూడగట్టి, రోగులకు సేవ చేసే పనులు పంచాడు. తమను హింసించినవాళ్లను కూడా విడిచిపెట్టవద్దన్నాడు. అతని జీవితచరిత్ర రాసిన డీకన్ పొంతియస్ ఈ సంగతి నమోదు చేశాడు. 256లో సిప్రియన్ ఓర్పు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. 258 సెప్టెంబరు 14న అతని తల నరికారు.

410లో అలారిక్ నాయకత్వంలో గోతులు రోము నగరాన్ని దోచుకున్నప్పుడు ఇదే ప్రశ్న మరింత పెద్దదైంది. అగస్టీన్ 413లో మొదలుపెట్టి పదమూడేళ్లు రాసిన 'దేవుని నగరం' మొదటి సంపుటం దానికి జవాబు. మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ కష్టాలు ఒకేలా వస్తాయి, తేడా కష్టంలో లేదు, పడేవాళ్లలో ఉంది. ఒకే నిప్పులో బంగారం మెరుస్తుంది, పొట్టు పొగలుకక్కుతుందంటాడు. తర్కంగా ఇది బాగుంది గాని, పొట్టు ఎవరో బంగారం ఎవరో పక్కన నిలబడి తేల్చే పెద్దమనుషులకు ఇది చేతికర్రగా కూడా పనికొచ్చింది. అగస్టీన్ గొప్పతనం అదే సంపుటంలోని మరో వాదనలో ఉంది. దోపిడీలో సైనికుల చేతిలో మానభంగానికి గురైన స్త్రీల మీద ఏ మచ్చా లేదని, నేరం చేసినవాడిదేనని అతను విడమరిచి చెప్పాడు. అవమానంతో ఆత్మహత్య చేసుకున్న లుక్రీషియాను ఆదర్శంగా కొలిచిన రోమన్ సంస్కృతిలో అది తేలికైన మాట కాదు.

పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ చర్చకంతా ఒక చట్రం బిగించాడు. నిరీక్షణకు విషయం కావాలంటే ఏదైనా మేలైనదై ఉండాలి, ఇంకా రానిదై ఉండాలి, కష్టసాధ్యమై ఉండాలి, అయినా సాధ్యమై ఉండాలి. సాధ్యం కాదనుకుంటే అది నిరాశ. కష్టమే లేదనుకుంటే అది మితిమీరిన ధీమా. రెండింటినీ అక్వినాస్ పాపాలుగానే లెక్కించాడు. ఓర్పును అతను ధైర్యానికి అంగంగా చేర్చాడు. దుఃఖం మనిషి వివేకాన్ని కూల్చకుండా కాపాడడమే ఓర్పు చేసే పని. దుఃఖం లేకుండా చేయడం దాని పని కాదు.

తెలుగు నేల మీద ఈ సంగతులకు ఒంగోలు ప్రాంతంలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. దండగ ఖర్చు, మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జూవెట్ దంపతులు, ముగ్గురు స్థానిక క్రైస్తవులు, మొత్తం అయిదుగురు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఒంగోలుకు మిషనరీ రావడానికి ఆ తర్వాత పన్నెండేళ్లు పట్టింది. 1866లో అక్కడ కాపురం పెట్టిన జాన్ క్లౌకు మాదిగ పల్లెల నుంచి, ముఖ్యంగా ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా, స్పందన వచ్చింది.

అసలు పరీక్ష 1876–78 కరువు. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనికి వచ్చి, గంపలు మోసి, కూలి తీసుకుని బతికారు. తవ్వకం దగ్గర బోధకులే మేస్త్రీలు. విరామంలో వాళ్లే వాక్యం చెప్పేవాళ్లు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు పనులు ముగిసి, పంచేందుకు ఏమీ మిగలని వేళ, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఆరుగురు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకెను మిషన్ సాహిత్యం అద్భుతంగా చెప్పుకుంది. విమర్శకులు కరువు పంటగా కొట్టిపారేశారు. ఇద్దరూ ఒక సంగతిని తేలిగ్గా తీసుకున్నారు. అంటరానివారిగా ఊరవతల బతికిన కుటుంబాలకు గంజి, కూలి, చదువు, పేరు పెట్టి పిలిచే దేవుడు, ఇవన్నీ వేర్వేరు కోరికలు కావు. దేహానికి ఒక ఆశ, ఆత్మకు ఒక ఆశ అని విడదీయడం పౌలు కూడా చేయలేదు.

నిరీక్షణ మీద ఆధునిక కాలంలో వచ్చిన అతిగట్టి విమర్శ కార్ల్ మార్క్స్‌ది. 1844లో అచ్చయిన వ్యాసంలో అతను మతాన్ని ప్రజల పాలిటి నల్లమందుగా వర్ణించాడు. అందరికీ గుర్తున్నది ఆ మాటే. దానికి ముందే మతాన్ని పీడితుల నిట్టూర్పుగా, నిజమైన బాధకు నిరసనగా కూడా అతను చెప్పాడు. మత్తుగా పనిచేసిన నిరీక్షణ చరిత్రలో ఉందన్న నిజాన్ని కాదనలేం. బానిసలకు పరలోకాన్ని చూపించి యజమానులకు ఇహలోకాన్ని వదిలేసిన బోధలు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తరతరాలు నడిచాయి. తాగొచ్చి కొట్టే భర్తను సిలువగా మోయమని భార్యకు చెప్పే సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. సిలువను యేసు తానై ఎత్తుకున్నాడు; ఇంకొకరి నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. ఈ తేడా తెలియని కాపరి ఎంత భక్తిపరుడైనా ప్రమాదకరమే.

ఓర్పుకు మరో ముఖం చుండూరులో కనిపించింది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపి కాలువలో పడేశారు. ఆ వాడలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. బాధితులు చనిపోయినవాళ్లను ఊరి మధ్యనే పాతిపెట్టుకున్నారు, విచారణ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానాన్ని అక్కడికే రప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. క్షమించి మరిచిపోమన్న మాటకూ ఈ ఓర్పుకూ పోలిక లేదు. సువార్తల్లో దీనికి దగ్గరి పోలిక, దేవుడికీ మనుషులకూ భయపడని న్యాయాధిపతి గుమ్మం ముందు న్యాయం కోసం విసుగులేకుండా తిరిగిన విధవరాలి ఉపమానం. దాన్ని యేసు ప్రార్థనకు మాదిరిగా చెప్పాడు.

మార్క్స్ విమర్శకు క్రైస్తవం లోపలినుంచి వచ్చిన జవాబుల్లో యుర్గెన్ మోల్ట్‌మన్‌ది ప్రసిద్ధమైంది. మతమంటే పెద్దగా పట్టని జర్మన్ కుటుంబంలో 1926లో పుట్టిన అతను 1943 జులైలో హాంబర్గ్ మీద బాంబులు పడుతున్నప్పుడు విమాన విధ్వంసక దళంలో కుర్ర సహాయకుడు. పక్కనే నిలబడ్డ స్నేహితుడు ముక్కలైపోయాడు, అతను మిగిలాడు. ఆ రాత్రి మొదటిసారి దేవుణ్ణి పిలిచాడు, ఎక్కడున్నావని అడగడానికి. యుద్ధ ఖైదీగా స్కాట్లండ్ శిబిరంలో ఉండగా చేతికందిన బైబిల్లో అతన్ని పట్టి ఆపినవి విలాప కీర్తనలు, మార్కు సువార్తలో యేసు ఆఖరి కేక. 1964లో వచ్చిన 'నిరీక్షణ వేదాంతం'లో అతని వాదన ఇది: పునరుత్థానాన్ని నమ్మినవాడు ఇప్పుడున్న లోకంతో రాజీపడలేడు, నిరీక్షణ మనిషిని నెమ్మదిగా ఉంచదు, అశాంతిగా ఉంచుతుంది. ఎనిమిదేళ్ల తర్వాతి 'సిలువ వేయబడిన దేవుడు' అన్న గ్రంథంలో సిలువ మీద కుమారుడు పడిన వేదనలో తండ్రి కూడా వేదన పడ్డాడన్నాడు. మోల్ట్‌మన్ 2024 జూన్‌లో చనిపోయాడు.

ఈ రెండో వాదన మీద వివాదం తెగలేదు. దేవుడికి వేదన అంటదన్నది ప్రాచీన సంఘం నుంచి వచ్చిన బోధ. శ్రమపడే దేవుడు తానే చిక్కుకుపోయి ఉంటే మనిషిని ఎలా విడిపిస్తాడని ఆ పక్షం అడుగుతుంది. వేదనపడింది కుమారుడు తన మానవ స్వభావంలో అని చెబుతుంది. మోల్ట్‌మన్‌కు ముందే, 1946లో, ఓడిన జపానులో కజో కితమోరి దేవుని వేదన పేరుతోనే వేదాంతం రాశాడు. రెండు మహాయుద్ధాల తర్వాత, శవాల గుట్టలు చూసిన దేశాల్లో, వేదన అంటని దేవుణ్ణి ప్రకటించడం చాలామంది బోధకులకు నోరాడని పనైంది. అంతకన్నా చిక్కైన అభ్యంతరాన్ని దొస్తోయెవ్‌స్కీ 1880లో పూర్తిచేసిన 'కరమజోవ్ సోదరులు' నవలలో ఇవాన్ చేత చెప్పించాడు: చివర ఎంత గొప్ప సామరస్యం రానీ, ఒక పసిపిల్ల కన్నీటిని దానికి ధరగా చెల్లించడం తనకు ఒప్పుదల కాదని. ఆ శ్రమ వల్లే ఈ మేలు వచ్చిందని లెక్క చూపించే క్రైస్తవ వాదాలన్నీ ఇవాన్ ముందు ఓడిపోతాయి, ఓడిపోవాలి కూడా. బైబిలు చెప్పే నిరీక్షణ ఆ లెక్క మీద ఆధారపడలేదు. కన్నీటిని తుడుస్తాడని అంటుందే గాని, ఆ కన్నీరు అవసరమైనదని అనదు.

తెలుగు సంఘాల్లో ఇప్పుడు ఈ విషయం ఎక్కువగా పరీక్షకు నిలిచేది స్వస్థత కూటాల్లో. నూనె రాయించుకుని, ఉపవాసం ఉండి, కానుక వేసి ఇంటికి వెళ్లినా జబ్బు తగ్గకపోతే, విశ్వాసం చాలలేదన్న మాట రోగి మీదే పడుతుంది. యోబు మిత్రుల వాదన వేదిక మార్చుకుని వచ్చిందంతే. స్వస్థత కోసం ప్రార్థించడంలో తప్పులేదు, సంఘ పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థించాలని యాకోబే రాశాడు. కానీ పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. అది జబ్బో మరేదో పౌలు చెప్పలేదు. అతనికి విశ్వాసం చాలలేదని మాత్రం ఏ బోధకుడూ అనడు. తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బుకు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చింది కూడా పౌలు పేరున్న పత్రికే.

మరణం దగ్గర ఈ బోధ తుది రూపం మొదటి థెస్సలొనీక పత్రికలో ఉంది. సా.శ. 50–51 ప్రాంతపు ఆ ఉత్తరం కొత్త నిబంధనలో అతి పురాతనమైన రచన కావచ్చు. ప్రభువు రాకముందే తమవాళ్లు కొందరు చనిపోయారు, వాళ్ల గతేమిటన్నది ఆ సంఘం దిగులు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని పౌలు రాశాడు. దుఃఖపడవద్దని రాయలేదు. చావు ఇంట్లో ఏడుస్తున్న తల్లిని విశ్వాసివై ఉండి ఏడవకూడదని గదమాయించే బంధువులు ఆ వాక్యాన్ని సగంలో విరిచేస్తున్నారు. కోస్తా జిల్లాల్లో చాలా సంఘాలు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలోనే ఆరాధన జరుపుతాయి. రెండు మూడు రోజుల ముందునుంచే ఇంటివాళ్లు వెళ్లి కలుపు పీకి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెడతారు. కతోలికులు ఈ పని నవంబరు 2కు చేస్తారు. కొవ్వొత్తి వెలిగిస్తూ ఒకామె కొడుకు పేరు పెట్టి బావురుమంటే ఎవరూ ఆపరు. పాస్టరుగారు ఆమె తేరుకునేదాకా ఆగి, మొదటి కొరింథీ పత్రిక పదిహేనో అధ్యాయం తీసి పునరుత్థాన వాక్యం చదవడం మొదలుపెడతారు.